గాలి ఆగిన గంట

"ఐదింటికి మా తమ్ముణ్ణి కోర్టుకి తీసుకెళ్తారటండీ. అక్కణ్ణించి జైలుకేనట," అంది ఫోన్లో కాగితం మిల్లు ఆపరేటర్ వాళ్లక్క. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతున్నందువల్ల ఆమె గొంతు కోపంగా ఉన్నట్టు వినిపించింది.

"ఇప్పుడు రెండూ ఇరవై," అంది డిటెక్టివ్. "ఇంకా రెండు గంటల నలభై నిమిషాలుంది. మీ తమ్ముడు పొద్దున ఏమైనా తిన్నాడా?"

"ముద్ద ముట్టలేదండీ."

"తినమనండి. నీరసంగా ఉన్నవాడు ఎవరేమడిగినా తలూపేస్తాడు."

ఫోన్ పెట్టేసి నోట్‌బుక్‌లో టైము రాసుకుంది. అదామె అలవాటు. ఎవరేం చెప్పినా ఎడమవైపు టైము, కుడివైపు మాట. అందుకే పోలీస్ స్టేషన్లో ఆమెకి టైంటేబులమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ బయటపడలేదు.

కేసు చిన్నదే. శుక్రవారం పొద్దున ఆరూ నలభైకి కాగితం మిల్లు పక్కనున్న లాండ్రీలోకి క్లోరిన్ గ్యాసు వచ్చింది. తొట్టి దగ్గర వంగి బట్టలు జాడిస్తున్న లాండ్రీ పెద్దాయన అక్కడే కూలబడి చనిపోయాడు. కిందే ఉన్న మరో ముగ్గురు ఆస్పత్రి పాలయ్యారు. మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్న కోడలికి మాత్రం కళ్లు మండటం తప్ప ఏమీ కాలేదు.

మిల్లులో నీళ్లు శుభ్రం చేసే రెండో నంబర్ షెడ్డు ఉంది. ఆ రోజు ఆరూ పదికి అక్కడ క్లోరిన్ వాల్వు తిప్పినట్టు ఆపరేటర్ తన చేత్తోనే రిజిస్టర్లో రాశాడు. రోజూ తిప్పుతాడు, రోజూ రాస్తాడు. ఆ రోజు అజాగ్రత్తగా తిప్పాడనీ, లీకైన గ్యాసుని గాలి లాండ్రీ మీదికి మోసుకెళ్లిందనీ మిల్లు సేఫ్టీ ఆఫీసర్ ఒక రిపోర్టు ఇచ్చాడు. గాల్లో కలిసిన గ్యాసు ఎటు పోతుందో, ఎక్కడ ఎంత చేరుతుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌తో తీసిన రిపోర్టు అది. పంతొమ్మిది పేజీలు, మధ్యలో రంగురంగుల పటాలు. సోమవారం మధ్యాహ్నం ఆ రిపోర్టు చేతికందిన గంటలోనే ఇన్‌స్పెక్టర్ ఆపరేటర్‌ని అరెస్టు చేశాడు.

ఇవాళ మంగళవారం.

రెండూ నలభైకి డిటెక్టివ్ లాండ్రీకి చేరేసరికి కోడలు బొగ్గుల ఇస్త్రీ పెట్టె రాజేస్తోంది. పొగ తలుపులోంచి రోడ్డు వైపు వాలి పోతోంది.

"అప్పుడే పని మొదలుపెట్టావా అమ్మా?"

"పెట్టక ఏం చెయ్యనండీ? ఊళ్లో వాళ్ల బట్టలన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. చావింటికొచ్చి అయ్యో పాపం అంటారు. గుమ్మం దిగుతూ నా చొక్కా ఎప్పుడిస్తావని అడుగుతారు." పెట్టె మూత వేసి తలెత్తి చూసింది. "మీరు ఆ ఆపరేటర్ తరఫు మనిషి కదూ?"

"వాళ్లక్క పంపింది."

"మా మామయ్యని పొట్టన పెట్టుకున్నవాణ్ణి విడిపించడానికి నన్నే సాయమడుగుతున్నారా?"

"పొట్టన పెట్టుకున్నదెవరో తేల్చడానికి అడుగుతున్నాను. అతనే అని తేలితే ముందు నీకే వచ్చి చెబుతాను. ఆ రోజు ఈ పెట్టె ఎన్నింటికి రాజేశావు?"

కోడలు విసనకర్ర అందుకుని పెట్టెకి విసిరింది. తర్వాత, "ఆరుంబావుకి," అంది. "పెట్టె ఇక్కడ రగులుతుంటే మేడెక్కాను."

"పొగ ఎటు పోయింది?"

"ఎటేంటండీ?"

"ఇప్పుడు రోడ్డు వైపు పోతోంది కదా. ఆ రోజు ఎటు పోయింది?"

కోడలు చేతిలోని విసనకర్ర ఆగింది. "ఎటూ పోలేదు. దారం కట్టి పైకి లాగినట్టు నిటారుగా లేచింది. మేడ మీదికొచ్చి నా పక్కనే నిలబడితే దగ్గొచ్చింది కూడా. గాలి ఉంటేగా? ఆకు కదిలితే ఒట్టు. దుప్పట్లు గోడకి మేకులతో కొట్టినట్టు ఉన్నాయి. చెమటతో తడిసిపోయాను."

"బాగా ఉక్కగా ఉందా? ఆరున్నరకి?"

"ఆరున్నరకి కూడా ఉక్కే. ఎందుకూ?"

డిటెక్టివ్ సంచీలోంచి రిపోర్టు తీసి పదకొండో పేజీ తెరిచింది. అది వాతావరణం పట్టిక. గంటగంటకీ గాలి దిక్కు, వేగం, వేడి. ఐదో గంటకి ఇరవై ఐదున్నర డిగ్రీలు. ఆరో గంటకి ఇరవై ఆరు. ఏడో గంటకి పంతొమ్మిది. ఎనిమిదో గంటకి మళ్లీ ఇరవై ఏడు. రాత్రి నుంచీ ఆమె ఈ పేజీ దగ్గరే ఆగిపోయి ఉంది. ఒక్క గంట చల్లబడి, మరుసటి గంటకి మళ్లీ వేడెక్కే పొద్దున ఆమె ఎన్నడూ చూడలేదు. పైగా ఆ ఒక్క గంటలోనే సెకనుకి రెండు మీటర్ల గాలి వీచినట్టుంది. అటూ ఇటూ గంటల్లో గాలి గడి ఖాళీ.

రిపోర్టు సంచీలో పెట్టుకుని లాండ్రీ వెనక తలుపు తీసి బయటికి నడిచింది.

వెనక ఒక మురుగు కాలువ. మూర లోతు, మూర వెడల్పు. మిల్లు ప్రహరీ కింద కన్నంలోంచి వచ్చి లాండ్రీ తొట్ల పక్కగా పోతుంది. ఈ కాలంలో అందులో నీళ్లు లేవు. డిటెక్టివ్ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కాలువ లోపలి గడ్డి చూస్తూ ఎగువకి నడిచింది. గట్టు మీద గడ్డి పచ్చగా ఉంది. కాలువ లోపలి గడ్డి తెల్లగా ఉంది. ఎండి పసుపు పచ్చగా మారిన గడ్డి కాదు. చాకిరేవులో ఉడకబెట్టినట్టు పాలిపోయిన గడ్డి. పరక తుంచి వేళ్ల మధ్య నలిపితే ఇంకా మెత్తగానే ఉంది.

ప్రహరీకి ఉన్న చిన్న గేటు తీసే ఉంది. లోపల కాలువ రెండుగా చీలింది. ఎడమ పాయ రెండో నంబర్ షెడ్డు వైపు పోతుంది. కుడి పాయ ఒక పాత గోదాము వైపు. ఎడమ పాయలో గడ్డి పచ్చగా, నిండుగా ఉంది. తెలుపు కుడివైపే తిరిగింది. తొంభై అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆమె గోదాము తలుపు దాకా వెళ్లింది. తలుపు కింద వేలెడు సందు. తాళం పాతదే. కానీ గడియ మీద తుప్పు మాత్రం కొత్తది. వేలితో తాకితే నారింజ రంగు పొడి రాలింది.

"గడ్డి కోసుకుంటున్నారా అమ్మా? చెబితే మావాళ్లు మోపు కట్టి ఇంటికి పంపేవారు కదా!"

వెనక ఇన్‌స్పెక్టర్. ఆయన పక్కన సేఫ్టీ ఆఫీసర్. మిల్లులో అందరూ అతన్ని హెల్మెట్ సార్ అంటారు. ఇంట్లో కూడా తియ్యడని చెప్పుకుంటారు. పసుపు హెల్మెట్, నున్నగా గీసిన గడ్డం, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. వాళ్ల వెనకాలే కోడలు కూడా వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"టైమెంతయిందండీ?" అంది డిటెక్టివ్.

"టైంటేబులమ్మగారు నన్ను టైము అడగటమా!" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "మూడూ ఐదు. మీకు ఇంకా రెండు గంటలుంది. తర్వాత మీవాడు జైలు కూడు, మీరు ఇంటి కూడు."

"రిపోర్టు చదివారా?"

"చివరి పేజీ చదివాను. అందులో అంతా ఉంది."

"నేను చివరి పేజీ దాకా రాలేదండీ. పదకొండు దగ్గరే ఉన్నాను. రెండో నంబర్ షెడ్డు నుంచి లాండ్రీకి ఎంత దూరం?"

"మూడు వందల అరవై మీటర్లు," అన్నాడు హెల్మెట్ సార్, ఫైలు చూడకుండానే.

"సెకనుకి రెండు మీటర్ల గాలి. అంటే మూడు నిమిషాల దారి. వాల్వు తిప్పింది ఆరూ పదికి. గ్యాసు ఆరూ పదమూడుకి రావాలి. పెద్దాయన కూలబడింది ఆరూ నలభైకి. మూడు నిమిషాల దారికి అరగంట ఎందుకు పట్టింది?"

"దారిలో ఎవరైనా చుట్టాలు తగిలారేమో," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తగిలే ఉంటారు. ఇదిగో, ఇక్కడ." ఆమె తెల్ల గడ్డి పరక చాపింది. "క్లోరిన్ రంగు తినేస్తుంది. గాలికంటే బరువు కాబట్టి నేల మీద పాకుతుంది. గాలి లేనప్పుడు పల్లం వెతుక్కుని నీళ్లలా పోతుంది. అందుకే కింద వంగినాయన పోయాడు, మేడ మీదున్న పిల్ల బతికింది. అది వచ్చింది రెండో నంబర్ షెడ్డు నుంచి కాదు. ఈ తలుపు కింద నుంచి."

"కోర్టులో గడ్డిని బోనెక్కిస్తారా?"

"గడ్డి ఎవరి దగ్గరా ఉద్యోగం చెయ్యదు కదండీ. అబద్ధం చెప్పాల్సిన పని దానికి లేదు."

ఇన్‌స్పెక్టర్ మొహంలో నవ్వు పోయింది. "చూడండమ్మా. ఇది కంప్యూటర్ లెక్క. నేనూ మీరూ చెప్పేది కాదు. ఏమండీ, ఈ గోదాములో ఏముంది?"

"ఏమీ లేదు సార్. రెండేళ్ల కిందటే పాత సిలిండర్లన్నీ వెనక్కి పంపించేశాం. పంపినట్టు నేనే సంతకం పెట్టాను." హెల్మెట్ సార్ డిటెక్టివ్ వైపు తిరిగాడు. "ఇక్కడి షెడ్లూ గోదాములూ అన్నీ తెరిచి చూపించమని నిన్న మీరు పంపిన కాగితం అందిందండీ. తాళంచెవి హెడ్డాఫీసులో ఉంది. రేపు పొద్దున పదింటికల్లా తెప్పించి, నేనే తెరిచి చూపిస్తాను."

మర్యాదగానే చెప్పాడు. అంతలో గేటు దగ్గర నుంచి కోడలు గట్టిగా అంది.

"ఏవయ్యా హెల్మెట్ సారూ! నెత్తికి టోపీ, కాళ్లకి బూట్లు, నీకన్నీ ఉన్నాయి. మా మామయ్యకేముంది? తడి తుండుగుడ్డ! ఇంత కంప్యూటరు పెట్టుకుని, మా ఇంటి మీదికి విషం వస్తుందని ఒక్క మాట ముందు చెప్పలేకపోయావా?"

అతని మొహం నిజంగానే పాలిపోయింది. "మీ ఇంటికి రావాల్సింది కాదమ్మా. నేను మళ్లీ మళ్లీ చూశాను. లెక్క ప్రకారం మీ ఇంటి దగ్గర సున్నా..." చటుక్కున ఆగి దగ్గాడు. "అంటే, మామూలు రోజుల్లో."

మూడూ పన్నెండు, సున్నా, అని డిటెక్టివ్ రాసుకుంది. పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టింది. రిపోర్టు నిండా లాండ్రీ దగ్గర ఎర్ర రంగే. సున్నా అన్న మాట పంతొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు.

"ఈ గోదాము దగ్గర కానిస్టేబుల్‌ని కూర్చోబెడుతున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గ్యాసు కోసం కాదు. మీరు మళ్లీ వచ్చి గడ్డి పీక్కుపోకుండా."

"మంచిదండీ. ఎవరు వచ్చినా టైము రాయమనండి," అని ఆమె చీర కుచ్చిళ్లు దులుపుకుని వెళ్లిపోయింది.

* * *

రిపోర్టు ఆఖరి పేజీలో హెల్మెట్ సార్ సంతకం కింద, ఫలానా సాఫ్ట్‌వేర్‌లో ఐదు రోజుల శిక్షణ పొందినవారు అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ శిక్షణ ఇచ్చే కేంద్రం ఊరికి ఆ చివర, రెండో అంతస్తులో. మూడూ యాభై ఐదుకి డిటెక్టివ్ మెట్లెక్కింది.

హాల్లో పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు కుర్చీలు. గోడకి గుండ్రటి గాలి దిక్కుల పటం. ఏడాదంతా ఏ దిక్కు నుంచి ఎంత గాలి వీచిందో పువ్వు రేకుల్లా గీసి ఉంది. శిక్షకురాలు ఒక్కర్తే ఉంది. యాభై ఏళ్ల మనిషి, జుట్టు ముడిలో పెన్సిలు. రేపు మొదలయ్యే బ్యాచ్‌కి కాగితాలు సర్దుతోంది. కాలుష్యం ఆఫీసుల వాళ్లకి, ఫ్యాక్టరీల వాళ్లకి ఆవిడ ఇరవై ఏళ్లుగా ఈ పాఠమే చెబుతోంది.

"పోలీసులా?"

"కాదండీ. పోలీసులు తప్పు చేస్తున్నారేమోనని చూస్తున్నాను."

"అయితే కూర్చోండి. కానీ మావాళ్ల మార్కులు మాత్రం అడక్కండి. అవి ఎవరికీ చెప్పను. వాళ్లింట్లో వాళ్లకే చెప్పను."

"మార్కులు వద్దు. ఈ ఒక్క పేజీ చూసి చెప్పండి, ఈ లెక్క సరైందేనా?"

శిక్షకురాలు రిపోర్టు తీసుకుని ముందు పటాలు చూసింది. "లెక్క తప్పు పోదండీ. సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ లెక్క తప్పదు. కొత్తకోడలి లాంటిది. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిదానికి నోరెత్తదు. మనం ఏమిచ్చామో అదే చూసుకోవాలి. విత్తు ఒకటేస్తే చెట్టు ఇంకోటి మొలుస్తుందా?" అంటూ పదకొండో పేజీకి వచ్చింది. వేలు ఐదో గంట మీద నుంచి ఆరో గంట మీదికి దిగింది. ఏడో గంట దగ్గర ఆగింది.

జుట్టులోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీకెక్కడిది?"

"శుక్రవారం పొద్దున వాతావరణం అని రాశారు. ఎందుకండీ?"

"శుక్రవారం కాదు. ఏ వారమూ కాదు. ఈ గంట అసలు లేదు." ఆవిడ గొంతు తగ్గింది. "ఇది నేను పుట్టించిన గంట."

డిటెక్టివ్ టైము చూసుకుంది. నాలుగూ ఎనిమిది. "కాస్త వివరంగా చెప్పండి. నాకు ఈ చదువు రాదు."

"ప్రతి బ్యాచ్‌కీ అభ్యాసం కోసం ఒక వాతావరణం ఫైలు ఇస్తాను. అందులో ఒక్క గంట అబద్ధం పెడతాను. ఒకసారి అర్ధరాత్రి ఎండ కాస్తుంది. ఒకసారి గాలి ఒకేసారి రెండు దిక్కుల నుంచి వస్తుంది. క్రితం బ్యాచ్‌కి పొద్దున పూట ఒక్క గంట పంతొమ్మిది డిగ్రీలకి పడిపోయి మళ్లీ లేస్తుంది. ఆఖరి రోజు మధ్యాహ్నం పరీక్ష అదే. కంప్యూటర్ ముట్టుకునే ముందు కాగితం చదువుతారా లేదా అని. దొంగ గంటని పట్టుకున్నవాడే పాసు."

"క్రితం బ్యాచ్‌లో ఎంతమంది పట్టుకున్నారు?"

"మార్కులు అడగొద్దన్నాను కదా."

"మార్కులు కాదు. పట్టుకున్నవాడు ఈ వరసని తన రిపోర్టులో పెట్టుకోడు కదా, అందుకడుగుతున్నాను. ఐదింటికి ఒక మనిషి ఈ వరస మూలంగా జైలుకి వెళ్తాడు. దొంగ గంట మీది. అది బయటికి వెళ్లింది మీ ఇంట్లోంచే."

ఆ మాటకి శిక్షకురాలు నొచ్చుకుంది. కిటికీ వైపు చూసి, "పదకొండు మంది పట్టుకున్నారు," అంది. "పన్నెండోవాడు పరీక్షే రాయలేదు. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఫోనొచ్చిందని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఐదు రోజుల్లో నాలుగున్నర ఉన్నాడు కదా, మంచి మనిషి, ముందు వరసలో కూర్చుని అన్నీ రాసుకున్నాడు... సర్టిఫికెట్ ఇచ్చేశాను." ఆగింది. "క్లాసులో కూడా హెల్మెట్ పక్కనే పెట్టుకునేవాడు."

డిటెక్టివ్ తల ఊపింది. ఆశ్చర్యపోలేదు. "అసలు శుక్రవారం గాలి లేదండీ. పొగ నిటారుగా లేచింది. ఉన్నదున్నట్టు ఇస్తే మీ సాఫ్ట్‌వేర్ ఏం చెబుతుంది?"

"సున్నా చెబుతుంది."

డిటెక్టివ్ చేతిలో కలం ఆగిపోయింది. "ఏమిటీ?"

"సున్నా. గాలి ఉంటేనే దానికి లెక్క. గాలి మోసుకుపోతుంది, దారిలో పల్చబడుతుంది, అదీ సూత్రం. గాలే లేకపోతే సూత్రం పనిచెయ్యదు. అందుకని ఆ గంటని వదిలేస్తుంది. వదిలేసిన గడిలో సున్నా కనిపిస్తుంది. దానర్థం గ్యాసు లేదని కాదు. నేను లెక్కపెట్టలేదు అని. నిజానికి విషానికి అంతకంటే మంచి గంట ఉండదు. కదిలించేవాడు లేక ఉన్నచోటే పేరుకుంటుంది. ఈ పాఠం కూడా..." ఆవిడ నోరు మెల్లగా మూతపడింది.

"ఆఖరి రోజు మధ్యాహ్నమే చెబుతారా?"

"పరీక్ష అయిపోయాక. ఒక పావుగంట."

మిల్లులో హెల్మెట్ సార్ అన్న మాట డిటెక్టివ్‌కి గుర్తొచ్చింది. లెక్క ప్రకారం మీ ఇంటి దగ్గర సున్నా, నేను మళ్లీ మళ్లీ చూశాను. డిటెక్టివ్ నోట్‌బుక్‌లో వెనక్కి తిప్పి, మూడూ పన్నెండు పక్కనున్న ప్రశ్న గుర్తుని కొట్టేసింది.

"మళ్లీ మళ్లీ చూశానన్నాడు. ఎక్కడ చూసి ఉంటాడు?"

"శిక్షణ అయ్యాక ఒక ఏడాది మా సర్వర్ మీదే నడుపుకోవచ్చు. ఎవరు ఏ టైముకి ఏం నడిపారో పట్టీ ఉంటుంది."

"టైములున్నాయా?" ఆ రోజంతటిలో మొదటిసారి డిటెక్టివ్ గొంతులో ఆత్రం వినిపించింది. "తెరవండి."

"ఒకరి ఫైళ్లు ఇంకొకరికి చూపించకూడదండీ. డైరెక్టర్‌గారి అనుమతి కావాలి."

"అడగండి. నేనిక్కడే ఉంటాను."

డైరెక్టర్ మీటింగులో ఉన్నాడు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, కాగితం మీద రాసి పంపమన్నాడు. శిక్షకురాలు ఫోన్ వైపు చూసింది, రిపోర్టు వైపు చూసింది. "సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు నేను," అని కంప్యూటర్ ముందు కూర్చుంది.

అప్పటికి నాలుగూ ముప్పై ఎనిమిది.

పట్టీలో హెల్మెట్ సార్ పేరు మీద నాలుగు వరసలున్నాయి. శిక్షకురాలు ముందు రిపోర్టుకి సరిపోయేది తెరిచి, అక్కణ్ణించి వెనక్కి ఒక్కొక్కటే చదివింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండూ ముప్పై ఐదు. గ్యాసు మొదలైన చోటు, రెండో నంబర్ షెడ్డు. వాతావరణంలో ఒక వరస చేత్తో మార్చారు. "దిక్కు తనకి కావలసినట్టు తిప్పుకున్నాడు. వేగం ఉంచేశాడు. పక్కనే ఉన్న వేడి గడి చూసుకోలేదు. ఇదే మీ రిపోర్టు."

అదే రోజు మధ్యాహ్నం ఒకటీ యాభై. అదే షెడ్డు, మార్చని వాతావరణం. "సున్నా. దీంతో ఆపరేటర్ మీదికి నెట్టలేడు. అందుకే నా గంట తెచ్చి అతికించాడు."

"ఇంకా ముందుది?"

"గురువారం సాయంత్రం నాలుగూ పన్నెండు." ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. "గురువారమా? గ్యాసు వచ్చింది శుక్రవారం అన్నారు కదా?"

"చదవండి."

"చోటు పేరు పాత ఒకటి. మర్నాటి వాతావరణం అంచనా తీసుకుని, ఇరవై నాలుగు గంటలకీ విడివిడిగా నడిపాడు. ప్రతి గంటకీ లాండ్రీ దగ్గర ఎంత వస్తుందో చూశాడు. అన్నిటికీ ఏదో ఒక అంకె ఉంది. ఏడో గంటకి మాత్రం సున్నా. దాని కింద గీత గీసుకున్నాడు."

డిటెక్టివ్ మెల్లగా చెప్పింది, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "వెనక్కి పంపేశానని సంతకం పెట్టిన సిలిండర్లు గోదాములోనే ఉన్నాయి. కారడం మొదలుపెట్టి ఉంటాయి. బయటికి చెబితే సంతకం అబద్ధమని తేలుతుంది. ఎవరికీ తెలియకుండా ఒకదాన్ని ఖాళీ చేసేద్దామనుకున్నాడు. ఎవరికీ హాని జరగని గంట కోసం వెతికాడు. వెతికి వెతికి, అన్నిటికంటే చెడ్డ గంటని ఎంచుకున్నాడు."

"చంపాలని కాదు," అంది శిక్షకురాలు. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"కాదు. కానీ చచ్చాక మాత్రం తెలిసే ఇంకొకడి మీదికి తోశాడు. నాలుగో వరస చదవండి."

"ఇవాళ్టిది. ఉదయం పదకొండూ ఇరవై."

డిటెక్టివ్ లేచి నిలబడింది. నిన్న సాయంత్రం షెడ్లూ గోదాములూ అన్నీ తెరిచి చూపించమని మిల్లుకి కాగితం పంపింది తనే. రేపు పదింటికి చూపిస్తానన్నాడు. రేపటికి గోదాము ఖాళీగా ఉండాలి. ఖాళీ సిలిండర్ అయితే పాత ఇనుములో కలిసిపోతుంది.

"చోటు పేరు పాత రెండు," అని చదివింది శిక్షకురాలు. "ఇవాళ్టి వాతావరణం అంచనా. మళ్లీ ఇరవై నాలుగు గంటలూ నడిపాడు. సున్నా వచ్చింది ఒక్క గంటకే. పద్దెనిమిదో గంట."

"అంటే ఆరింటికా?"

"కాదండీ. గంట పూర్తయ్యేటప్పటి అంకె వేస్తాం. పద్దెనిమిదో గంట అంటే ఐదు నుంచి ఆరు దాకా."

నాలుగూ యాభై ఒకటి. లాండ్రీకి ఇక్కణ్ణించి ఎంత తొందరపడినా పాతిక నిమిషాలు. డిటెక్టివ్ ముందు ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది.

"కోర్టు మెట్ల మీద ఉన్నానమ్మా. మీవాడు నా పక్కనే ఉన్నాడు. వీడ్కోలు చెబుతారా?"

"గోదాము దగ్గర మీ కానిస్టేబుల్ ఎక్కడ కూర్చున్నాడు?"

"ఎందుకూ?"

"ఎక్కడండీ?"

"కాలువ గట్టున, స్టూలు వేసుకుని. నీడ అక్కడే ఉంది మరి. ఏం, గడ్డి మిగిలిందా పీకడానికి?"

"ఐదు దాటాక హెల్మెట్ సార్ రెండో సిలిండర్ తెరుస్తాడు. మొదటిది తెరిచిందీ అతనే. కాగితం నా చేతిలో ఉంది, టైములతో సహా. మీ కానిస్టేబుల్‌ని పైకెక్కించండి. మేడో, మిద్దో, ఎత్తుగా ఏదుంటే అది. మిల్లు గేటు దగ్గరున్న వాళ్లని గోదాముకి పరిగెత్తించండి, అతన్ని ఆపమనండి. మూతికి తడిగుడ్డ కట్టుకోకుండా ఎవరూ దగ్గరికి పోవద్దు. నన్ను తర్వాత తిట్టుకుందురు గాని."

అవతల ఇన్‌స్పెక్టర్ ఎవరితోనో, "వీణ్ణి లోపలికి తీసుకెళ్లకు, ఇక్కడే ఉంచు," అనడం, బూట్లు మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించాయి. లైను తెగిపోయింది.

రెండో ఫోన్ లాండ్రీకి. ఆరుసార్లు మోగాక కోడలు ఎత్తింది.

"అమ్మా, నేను. ఇస్త్రీ పెట్టె రగులుతోందా?"

"రగులుతోందండీ. సాయంత్రానికి ముప్పై చొక్కాలివ్వాలి. చెప్పండి, తేలిందా ఎవరో?"

"తేలింది. ముందు ఒకటి చెప్పు. పొగ ఎటు పోతోంది?"

కోడలు రెండడుగులు వేసిన చప్పుడు. "రోడ్డు వైపే పోతుండేది... ఇప్పుడు లేదండీ. నిటారుగా నిలబడింది." గొంతు మారింది. "ఆ రోజులాగే."

"ఇంట్లో ఎంతమంది ఉన్నారు?"

"నాతో కలిపి ఐదుగురం. తొట్టి దగ్గర ఇద్దరు."

"అందరూ మేడెక్కండి. ఇప్పుడే. బట్టలు వదిలెయ్యండి. గోదాము వైపు ఎవరైనా వెళ్లారా?"

"హెల్మెట్ సార్ ఇందాకే వెళ్లాడు. పోతూ పోతూ మా తలుపు దగ్గర ఆగి మాట్లాడాడు కూడా. మధ్యాహ్నం అలా అరిచానని మనసులో పెట్టుకోలేదు పాపం."

"ఏమన్నాడు?"

"ఇవాళ భయం లేదమ్మా, మీ ఇంటి సంగతి మళ్లీ మళ్లీ చూసుకునే వచ్చాను అన్నాడు."